నూట పన్నెండో నంబరు కార్డు

మా ఆయన తాలూకా మొత్తానికి ఉత్తమ పాఠకుడు. ఆయన ఒక్క పుస్తకం కూడా చదవలేదు.

ఇందులో మోసమేమీ లేదు, అలవాటు మాత్రమే ఉంది. గంగాధరన్ మాష్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాస్టారు అనడానికి ఊరంతా మాష్ అంటారు కాబట్టి నేనూ మాష్ అనే పిలుస్తాను. పూవత్తుంకర గ్రామీణ గ్రంథాలయానికి పంతొమ్మిదేళ్ళుగా ఆయనే సెక్రటరీ. సభ్యత్వం నంబరు నూట పన్నెండు. ఆ కార్డు మీద ఏడాదికి నూట నలభై పుస్తకాల దాకా మా ఇంటికి వచ్చేవి. చదివేది నేను.

పెళ్ళైన కొత్తలో కోడలు లైబ్రరీ మెట్లెక్కడం మా అత్తగారికి ఇష్టం లేకపోయింది. అక్కడ క్యారమ్స్ బోర్డు చుట్టూ మగాళ్ళు మూగి ఉంటారనీ, మిగిలినవాళ్ళు పేపరు చదువుతున్నట్టు నటిస్తారనీ అనేది. అది నిజమే. అందుకని మాష్ గుడ్డసంచిలో పుస్తకాలు తెచ్చిపెట్టడం మొదలుపెట్టారు. అత్తగారు పోయి పదిహేడేళ్ళైనా పద్ధతి మారలేదు, సంచి మాత్రం రెండుసార్లు మారింది. సాయంత్రం ఐదింటికి గొడుగూ సంచీ తీసుకుని వెళ్ళేవారు. ఆరున్నరకి వరండాలో గొడుగు దులిపిన చప్పుడు. తర్వాత "అయిపోయిందా అది?" అని ఒకే ఒక ప్రశ్న. అయిపోయిందంటే సంచిలోంచి ఇంకోటి తీసేవారు. మాకు పిల్లలు లేరు. రోజు మొత్తంలో మా ఇంట్లో జరిగే ముఖ్యమైన సంఘటన అదే.

పుస్తకాన్ని ఆయన లావు చూసి ఎంచుకునేవారు. ఎండాకాలం సన్నవి, వానాకాలం మందంగా ఉన్నవి, దుప్పట్ల లెక్కన.

ఏటా పఠన వారోత్సవాల్లో సెక్రటరీ ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడాలి. పాత క్యాలెండరు కాయితం వెనక నేను అర పేజీ రాసిచ్చేదాన్ని. మాష్ దాన్ని వరండాలో కవాతు చేస్తూ బట్టీ పట్టేవారు. కామా వస్తే ఒక క్షణం ఆగేవారు, వాక్యం అయిపోతే వెనక్కి తిరిగేవారు. సభలో కూడా వాక్యం చివర ఆయన మడమలు దగ్గరికి చేరేవి. జనం చప్పట్లు కొట్టేవారు. ఈ గొడవ మొదలవడానికి ముందు ఏడాది ఆయనకి శాలువా కప్పి, ఉత్తమ పాఠకుడని ఇత్తడి దీపం ఇచ్చారు. ఆ దీపాన్ని తోమేదాన్ని కూడా నేనే కాబట్టి నా వాటా నాకు రాలేదని అనలేను.

కొరత ఒక్కటే. చదివినదాని గురించి మాట్లాడటానికి మనిషి లేడు. ఒకసారి నవల మూసి, "మాష్, చివరికి ఆవిడ మొగుణ్ణి వదిలేసి పడవెక్కి వెళ్ళిపోయింది," అన్నాను.

"ఏ రేవులో ఎక్కింది?" అని అడిగారు మాష్.

అయితే ఊళ్ళో నాలాగా చదివే మనిషి ఇంకొకరు ఉన్నారని నాకు తెలుసు. ఆ మనిషి పేజీల మూలలు మడిచేవాడు. ఏడో పేజీలోనో తొమ్మిదో పేజీలోనో ఒక మడత ఉండేది. ఆ తర్వాత చివరిదాకా ఏమీ ఉండదు. తొమ్మిది పేజీలు దాటలేని ఆ మొద్దు ఎవరా అని తిట్టుకుంటూ మడత విప్పి, గోటితో రుద్ది నున్నగా చేసేదాన్ని. తిట్టుకున్నా, నాకున్న తోడు ఆ మడత ఒక్కటే.

*

ఆ ఏడు జూన్ మొదటివారంలో పట్టిన వాన వదల్లేదు. ఒక సాయంత్రం లావుపాటి నవల అట్టకి చెమ్మకి అతుక్కుని ఒక సన్నటి పుస్తకం మా ఇంటికి వచ్చింది. గ్రంథాలయం నియమావళి. ముప్పై రెండు నియమాలు, వెనక అట్ట మీద స్థాపకుల పేర్లు. నవల రెండ్రోజుల్లో అయిపోయింది, వాన అవలేదు. నియమావళి తెరిచాను. అందులో కథ లేదు గాని పాత్రలందరూ నాకు తెలిసినవాళ్ళే.

సాయంత్రం గంజి తాగేటప్పుడు అడిగాను. "మాష్, పద్నాలుగో నియమం తెలుసా?"

"దేంట్లో?"

"మీ లైబ్రరీదే. ఏడాదికి పన్నెండు పుస్తకాలైనా తీసుకుని చదవనివాళ్ళు అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సెక్రటరీ లాంటి పదవుల్లో ఉండకూడదట."

మాష్ గంజిలో పెసలు కలుపుకుంటూ ఆలోచించారు. "నేను నూట నలభై దాటించాను కదా."

"మరి డాక్టరుగారు?"

డాక్టరు కురియాకోస్ మా హోమియో డాక్టరు, గ్రంథాలయం అధ్యక్షుడు.

"ఆయనకి తీరికెక్కడిది? తెల్లారిందంటే చీమ తలకాయంత మాత్రలతో కుస్తీ. అయినా ఇంక పుస్తకాల గొడవ ఉండదులే. నవలల గది ఖాళీ చేస్తున్నాం."

నా చెంచా ఆగిపోయింది. "ఎందుకు?"

"ఫోటోలకి. గ్రంథాలయానికి సేవ చేసినవాళ్ళ ఫోటోలు వరసగా పెట్టాలని డాక్టరుగారి ఆలోచన. కిటికీ లేని గోడ అదొక్కటే ఉంది."

"ఆ గోడకి ఆరు బీరువాలున్నాయి."

"అందుకే కదా ఖాళీ చేస్తున్నది. పాత కాయితాలవాడు ఓణం ముందు వచ్చి పట్టుకుపోతానన్నాడు." నా మొహం చూసి ఆయన సర్దిచెప్పబోయారు. "ఊరికే నిర్ణయించలేదు తంకమణీ. రిజిస్టరు చూశాం. ఆ నవలలు ఊరు మొత్తంలో ఒక్కడే తీసుకెళ్తున్నాడు. ఒక్కడి కోసం అంత గదా?"

"ఎవరా ఒక్కడు?"

"నేనే."

ఆయన పప్పడం విరిచారు. మరి పేజీలు మడిచేవాడో? వాడు అక్కడే కూర్చుని చదివి పెట్టేసి వెళ్తాడేమో అనుకున్నాను.

"ఎక్కడ నిర్ణయించారు ఇదంతా?"

"డాక్టరుగారి క్లినిక్‌లో. నేను, ఆయన, హరిదాసన్."

"పంతొమ్మిదో నియమం ప్రకారం సర్వసభ్య సమావేశంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే తప్ప ఒక్క పుస్తకం కూడా బయటికి పంపకూడదు."

"అది అడగాల్సింది సభ్యులు," అన్నారు మాష్. "నువ్వు సభ్యురాలివి కాదు కదా."

వెటకారంగా అనలేదు. బయట వాన పడుతోంది అన్నట్టుగా అన్నారు. అందుకే ఎక్కువ తగిలింది.

*

మర్నాడు దరఖాస్తు రాశాను. పేరు, వయసు, ఇంటిపేరు, చిరునామా. సెక్రటరీ గారికి అని పైన రాసి, సెక్రటరీ గారి టీ గ్లాసు పక్కన పెట్టాను.

"ఏంటిది?"

"దరఖాస్తు."

"ఇంట్లో ఉన్నదానివి, నోటితో చెప్పచ్చు కదా?"

"రాతపూర్వకంగా ఇవ్వాలని ఐదో నియమం."

మాష్ దాన్ని చదివారు. బహుశా నేను రాసింది ఆయన బట్టీ పట్టకుండా చదవడం అదే మొదటిసారి. "కమిటీ ముందు పెడతాను," అన్నారు, బయటివాళ్ళతో మాట్లాడే గొంతుతో. తర్వాత దాని మీద టీ గ్లాసు పెట్టారు. పదిహేను రోజులు ఆ కాయితం అక్కడే ఉంది. దాని మీద టీ మరకలు ఒకదాన్నొకటి కోసుకుంటూ గొలుసులా తయారయ్యాయి. నేను ఆ గొలుసు చుట్టూ బల్ల తుడిచేదాన్ని.

ఆ మధ్యలోనే ఆయన ఫోటో దిగి వచ్చారు. కోటు డాక్టరుగారిది. కింద పంచె కట్టుకునే వెళ్ళారు, ఫోటోలో ఛాతీ దాకానే పడుతుంది కాబట్టి. చేతిలో లావుపాటి నవల ఉంది. తలకిందులుగా పట్టుకోలేదు, అది నేను ప్రత్యేకంగా చూశాను. ఫ్రేము కట్టించి తెచ్చి ముందుగదిలో గోడకి ఆనించారు. రోజూ సాయంత్రం దాని ముందు నుంచి వెళ్తూ ఒకసారి భుజాలు సర్దుకునేవారు.

పదో రోజున డాక్టరు కురియాకోస్ స్వయంగా వచ్చారు, ఉపాధ్యక్షుడు హరిదాసన్‌ని వెంటబెట్టుకుని. హరిదాసన్‌కి మూడు ఆవులూ ఒక అభిప్రాయమూ ఉండేవి. ఆ అభిప్రాయం డాక్టరుగారిది.

"ఏంటి తంకమణీ, నియమాలు చదువుతున్నావట?" అన్నారు డాక్టరు, కుర్చీ నా దగ్గరికి జరుపుకుని. "నాలుక చూపించు."

చూపించాను. డాక్టరు అడిగితే నాలుక దానంతటదే బయటికొస్తుంది.

"నిద్ర పడుతోందా? కలలో నీళ్ళు కనిపిస్తుంటాయా?"

"కిటికీలోంచి కనిపిస్తున్నాయి డాక్టర్."

"హాస్యం," అని ఆయన హరిదాసన్‌తో అన్నారు, అదీ ఒక లక్షణమే అన్నట్టు. "చూడమ్మా, ఏళ్ళ తరబడి ఎవరూ అడగని సంగతులు ఉన్నట్టుండి అడగాలనిపిస్తే లోపల ఏదో వేడి చేసిందన్నమాట. దానికి మందుంది."

"మాష్ ఫోటో మూడోది చేచ్చీ," అన్నాడు హరిదాసన్, అక్కా అని వరస కలుపుతూ. "పక్కపక్కనే ముగ్గురం. మొగుడి ఫోటోకి పెళ్ళామే అడ్డం పడిందంటే ఊళ్ళో ఏమనుకుంటారు?"

మాష్ వంటింటి గుమ్మంలో నిలబడి తన ఫోటో వైపు చూస్తున్నారు. ఫోటోలో మనిషి కంటే బయట మనిషి చిన్నగా కనిపించాడు. ఆ క్షణంలో వదిలేద్దామనే అనుకున్నాను. పుస్తకాలదేముంది, అన్నీ చదివినవే. కానీ చదివినవి కూడా పోతే నేను చదివానని చెప్పడానికి ఊళ్ళో ఏమీ మిగలదు.

డాక్టరు చిన్న సీసా చేతిలో పెట్టారు. పరగడుపున నాలుగు. తియ్యగా ఉన్నాయి. వేసుకున్నాను. లక్షణం తగ్గలేదు.

*

పదహారో రోజు మధ్యాహ్నం గొడుగేసుకుని మొదటిసారి లైబ్రరీ మెట్లెక్కాను. క్యారమ్స్ ఆడేవాళ్ళు ఒక్కసారిగా ఆపేసి పేపర్లు చేతిలోకి తీసుకున్నారు. అత్తగారు గుర్తొచ్చింది.

బల్ల దగ్గర ఓమన ఉంది. లైబ్రేరియన్. పుస్తకాలు ఎవరో గాని అడగరు కాబట్టి ఊలుతో స్వెట్టరు అల్లుతుంది. మా ఊళ్ళో స్వెట్టరు వేసుకునే చలి ఎప్పుడూ రాలేదు.

"మాష్ రాలేదు చేచ్చీ."

"మాష్ కోసం కాదు. ఆరో నియమం చదువు." నియమావళీ, దరఖాస్తూ ఆమె ముందు పెట్టాను.

ఓమన చదివింది. దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లో కమిటీ ఏ సంగతీ చెప్పకపోతే, దరఖాస్తు పెట్టినవాళ్ళు సభ్యులైనట్టే లెక్క. ఆమె మళ్ళీ చదివింది. స్వెట్టరు పక్కన పెట్టింది.

"అందిందని రుజువేంటి చేచ్చీ?"

"కాయితం మీద ముప్పై టీ మరకలున్నాయి. రోజుకి రెండు. కావాలంటే లెక్కపెట్టుకో."

ఆమె నవ్వలేదు. గవర్నమెంటు పరీక్ష రాసినదానిలా ఒద్దికగా రిజిస్టరు తెరిచి నా పేరు రాసింది. నంబరు నాలుగువందల పద్దెనిమిది. పచ్చ కార్డు మీద సీలు వేసి ఇచ్చింది. ఆ వయసులో నా పేరు మీద వచ్చిన కాయితం రేషను కార్డు కాకుండా అదొక్కటే.

"సర్వసభ్య సమావేశానికి వస్తారా?" అంది మెల్లగా.

"రావాలిగా. సభ్యురాలిని."

*

ఓణానికి పది రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సమావేశం. నలభై ఒక్కమంది వచ్చారు. అరటిపండు బజ్జీలుంటాయని నోటీసులో ఉంది. వేదిక మీద డాక్టరు, హరిదాసన్, మాష్. వాళ్ళ వెనక గోడకి ఆనించి మూడు ఫోటోలు. ఒకే ముగ్గురు రెండు వరసల్లో ఉన్నట్టుంది. వెనక వరసవాళ్ళు ఎక్కువ శ్రద్ధగా వింటున్నారు.

నవలల గది సంగతి డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఎవరికైనా అభ్యంతరమా? లేదు. తర్వాతి అంశం."

లేచి నిలబడ్డాను. "చిన్న సందేహం. నంబరు నాలుగువందల పద్దెనిమిది."

అందరూ వెనక్కి తిరిగారు. మాష్ మాత్రం బల్ల మీద నీళ్ళ గ్లాసు వైపు చూస్తున్నారు.

"పద్నాలుగో నియమం ప్రకారం కమిటీలో ఉన్నవాళ్ళు ఏడాదికి పన్నెండు పుస్తకాలు తీసుకుని చదవాలి. కమిటీ ఎన్ని చదివిందో రిజిస్టరు చూసి చెబితే వింటాం."

"ఇప్పుడెందుకవన్నీ?" అన్నారు డాక్టరు.

"వినచ్చుగా డాక్టర్," అంది వెనకనుంచి ఒక గొంతు. దర్జీ సుకుమారన్. అతను చదువుతాడని ఆరోజే తెలిసింది. పద్యాలు, ఎక్కువగా. "బజ్జీలు ఇంకా వేగలేదు కదా."

ఓమన రిజిస్టరు తెరిచింది. "అధ్యక్షుడు. సున్నా."

"రోగుల్ని చదువుతున్నాను," అన్నారు డాక్టరు.

"ఉపాధ్యక్షుడు. ఒకటి. పశువుల వ్యాధులు. నాలుగేళ్ళ కిందట తీసుకెళ్ళారు, తిరిగి ఇవ్వలేదు."

"ఆ ఆవు చచ్చిపోయింది," అన్నాడు హరిదాసన్. పుస్తకం ఇవ్వకపోవడానికి అది కారణమని అందరూ అర్థం చేసుకున్నారు.

"సెక్రటరీ. నూట నలభై మూడు."

చప్పట్లు మోగాయి. డాక్టరు మొహం వెలిగింది. "చూశారా. కమిటీ అంటే ఒక కుటుంబం. నూట నలభై మూడుని మూడుతో భాగించండి. తలకి నలభై ఏడు, ఇంకా రెండు మిగుల్తాయి. పన్నెండు ఎక్కడ, నలభై ఏడు ఎక్కడ?"

కొందరు వేళ్ళ మీద లెక్క సరిచూసుకుని తలలూపారు. మా ఊరివాళ్ళకి భాగహారం అంటే గౌరవం.

ఉత్సాహం తట్టుకోలేక హరిదాసన్ లేచాడు. "తీసుకోవడమే కాదు, చదవాలి అంటున్నారు కదా? మన మాష్ సంగతి తెలీకనా? మాష్, ఆ చివర తీసుకున్న నవల గురించి నాలుగు ముక్కలు చెప్పండి. నోళ్ళు మూతపడాలి."

మాష్ లేచి నిలబడ్డారు. మడమలు దగ్గరికి చేరాయి. నా వైపు చూశారు.

నా చేతిసంచిలో ఆ నవల గురించి అర పేజీ ఉంది. పొద్దున్నే రాశాను, అలవాటు కొద్దీ. రెండు వరసలు దాటించి అందిస్తే చాలు. నేను సంచి మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. తెరవడానికి పెట్టానో, తెరుచుకోకుండా పట్టుకున్నానో ఇప్పటికీ తెలీదు.

పెంకుల మీద వాన గట్టిగా పడుతోంది. ఆయన కాసేపు ఎదురుచూశారు.

"తెచ్చింది నేను," అన్నారు. "చదివింది ఆవిడ. అన్నీ ఆవిడే."

కూర్చుని నీళ్ళు తాగారు.

వంటమనిషి బజ్జీల పళ్ళెంతో వచ్చి, గదిలో సద్దు లేకపోవడం చూసి, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళిపోయింది. చివరికి సుకుమారన్ అన్నాడు. "అయితే ఇది కమిటీయే కాదు. కమిటీ కానిది చేసిన నిర్ణయం నిర్ణయం కాదు. బీరువాలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి."

చేతులు లేచాయి. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. నేను నియమావళిలో ఇంకో పేజీ తిప్పాను.

"పదిహేనోది కూడా ఉంది. ఒకరి కార్డు మీద తీసుకున్న పుస్తకం ఇంకొకరు చదివితే ఇద్దరికీ మూడు నెలలు పుస్తకాలు ఇవ్వకూడదు."

"చేచ్చీ, అది వదిలెయ్యండి," అంది ఓమన.

"అది వదిలేస్తే పద్నాలుగోది కూడా వదిలెయ్యాలి."

ఓమన రాసుకుంది. నూట పన్నెండు, నాలుగువందల పద్దెనిమిది. మా ఇద్దరి పేర్లు ఒకే వరసలో పక్కపక్కన పడటం పెళ్ళి శుభలేఖ తర్వాత అదే.

*

మాష్ నా మీద కోప్పడలేదు. మర్యాదగా మారిపోయారు.

"ఇబ్బంది లేకపోతే కాస్త ఉప్పు ఇస్తావా?" అనేవారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఉప్పు తక్కువైతే ఆయన "ఉప్పు" అనేవారు, అంతే. ఆ ఒక్క మాటలో ఎంత చనువుందో అది పోయాక తెలిసింది. కోటు తిరిగిచ్చేశారు. శాలువా, ఇత్తడి దీపం పేపర్లో చుట్టి లైబ్రరీలో అప్పజెప్పి వచ్చారు. నేను సాసర్లో నూనె పోసి సాయంత్రం దీపం పెట్టడం మొదలుపెట్టాను. ఫోటో బీరువా వెనక్కి వెళ్ళింది, మొహం గోడ వైపు తిరిగి.

ఊళ్ళో పన్నెండు పుస్తకాలు దాటినవాళ్ళు వెతికితే ముగ్గురు తేలారు. దర్జీ, పోస్టుమన్, ఒక నర్సు. వాళ్ళే కొత్త కమిటీ. డాక్టరు ఎదురుపడితే నా నాలుక వైపు చూసి తల తిప్పుకునేవారు. ఓణానికి హరిదాసన్ ఇంటి నుంచి ఏటా వచ్చే పాలు రాలేదు. పక్కింటావిడ గోడ మీదుగా, "ఎంతైనా మీకు ధైర్యం ఎక్కువే," అని, ఆ ధైర్యం అంటుకుంటుందేమో అన్నట్టు వెంటనే లోపలికి వెళ్ళిపోయింది. ఓణం భోజనం ఇద్దరం రెండు అరిటాకుల ముందు కూర్చుని, పాయసం బాగుందంటే బాగుందనుకుని ముగించాం.

చదవడానికి ఏమీ లేదు. పప్పు పొట్లాల పేపర్లు విప్పి చదివాను. సగంలో తెగిపోయిన వార్తకి మిగతా సగం నేనే అల్లుకునేదాన్ని. నూనె సీసా మీద ఉన్నది చదివాను. నియమావళి పదకొండుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా అందులో ఎవరూ పడవెక్కి వెళ్ళిపోలేదు.

మాష్ మాత్రం సాయంత్రం ఐదు కాగానే గొడుగూ సంచీ తీసుకుని బయల్దేరేవారు. ఎక్కడికి వెళ్ళేవారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆరున్నరకి వరండాలో గొడుగు దులిపిన చప్పుడు వినిపించేది. ఖాళీ సంచి మేకుకి తగిలించేవారు. ఆ తర్వాత రావాల్సిన ప్రశ్న కోసం నా చెవులు ఇంకా ఎదురుచూసేవి. అది వచ్చేది కాదు. మూడు నెలలు, ఒక్క సాయంత్రం కూడా తప్పకుండా, అది రాలేదు.

*

నవంబరు మధ్యలో గడువు తీరింది. ఆ పొద్దున నా కార్డు తీసుకుని లైబ్రరీకి వెళ్ళాను. ఓమన నవలల గది తాళం నా చేతికిచ్చింది. కొత్త కమిటీ తాళం బల్ల దగ్గరే ఉంచుతోందట.

"అంతకు ముందు ఎక్కడుండేది?"

"మాష్ దగ్గరే చేచ్చీ. ఇంకెవరూ వెళ్ళేవాళ్ళు కాదుగా లోపలికి."

"చదివి పెట్టేసి వెళ్ళేవాళ్ళు ఎవరో ఉండేవారు. పేజీలు మడిచేవాడు ఒకడు."

ఓమన అల్లిక ఆపి నా మొహంలోకి చూసింది, నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని. "మాష్ తప్ప ఎవరొస్తారు చేచ్చీ? రోజూ ఐదుంపావుకి వచ్చి, మీ కోసం ఒక పుస్తకం తీసి, ఆ స్టూలు మీద కూర్చునేవారు. గంటసేపు. ఒక్కోసారి పెదవులు కదిలేవి. తర్వాత సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు."

గదిలో చెమ్మ వాసన. ఆరు బీరువాలు. కిటికీ లేని గోడ పక్కన ఒక స్టూలు ఉంది. దాని మీద కూర్చున్నాను. బీరువా తెరిచి ఒకటి తీశాను. ఏడో పేజీ మూలన నేను రుద్ది విప్పిన గీత ఉంది. ఇంకోటి తీశాను, తొమ్మిది. ఇంకోటి, ఎనిమిది. దేన్నీ నేను సరిగా నున్నగా చెయ్యలేకపోయాను. అన్నిటికీ గీత మిగిలే ఉంది. మధ్యాహ్నం దాకా అలా తీసి చూస్తూనే ఉన్నాను. గంటకి తొమ్మిది పేజీలు, పంతొమ్మిదేళ్ళు, ప్రతి పుస్తకం మొదటినుంచి.

కొత్తగా వచ్చిన నవల ఒకటి నా కార్డు మీద రాయించుకుని ఇంటికి తెచ్చాను. ఆ సాయంత్రం ఆయన సంచి లేకుండా బయటికి వెళ్ళి వచ్చారు. నవలని భోజనాల బల్ల మీద, ఆయన టీ గ్లాసు పెట్టే చోటికి జానెడు దూరంలో వదిలేశాను, మర్చిపోయినట్టు.

పొద్దున్నే చూశాను. పదకొండో పేజీ మూల మడిచి ఉంది.

పేజీలు మడవకూడదని ఇరవై మూడో నియమం. ఒకరి కార్డు మీది పుస్తకం ఇంకొకరు చదవకూడదని పదిహేనోది. రెండూ నాకు కంఠతా వచ్చు. ఆ మడత నేను విప్పలేదు. పుస్తకాన్ని ఎక్కడున్నది అక్కడే, అలాగే పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. టీ మరుగుతోంది. వరండాలో ఆయన చెప్పుల చప్పుడు విని, మంట తగ్గించాను.